ఎవరికీ పట్టని అధిక మోతాదు

అరవై వేల యూనిట్ల డి విటమిన్ క్యాప్సూల్ కావాలంటే వైద్యుడి చీటీ చూపమని అడిగే మెడికల్ షాపు ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో అరుదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 600 యూనిట్లు సరిపోతాయని, ఏ రూపంలో తీసుకున్నా రోజుకు 4,000 యూనిట్ల పరిమితి దాటరాదని 2020లో నిర్దేశించినది మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే. ఆ లెక్కన ఒక్క క్యాప్సూల్‌లో ఇమిడి ఉన్నది వంద రోజుల అవసరం. లోపం నిర్ధారణ అయిన రోగికి, వైద్య పర్యవేక్షణలో, వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాల పాటు ఇచ్చి ఆపివేయవలసిన మందు అది. అది మందు అన్న స్పృహే నేడు వ్యవస్థలో అంతరించింది. పరీక్ష చేసే ల్యాబ్, చీటీ రాసే వైద్యుడు, సరుకు అమ్మే దుకాణదారు, అన్నింటినీ కనిపెట్టి ఉండవలసిన నియంత్రణాధికారి, ఈ నలుగురిలో ఏ ఒక్కరు తమ ధర్మాన్ని నిర్వర్తించినా ఆగిపోగల అనర్థం, నలుగురి ఉపేక్ష వల్ల నిరాటంకంగా ఇళ్లలోకి ప్రవేశించింది.

ఈ పదార్థ స్వభావం ఎరిగితే తప్ప ఉపేక్ష ఎంత తీవ్రమైనదో బోధపడదు. సి విటమిన్ వంటివి అవసరానికి మించినప్పుడు చాలావరకు మూత్రంలో బయటికి పోతాయి. డి విటమిన్ అలా పోదు. అది కొవ్వులో కరుగుతుంది, కొవ్వులోనే నిల్వ ఉంటుంది, నెలల తరబడి రక్తంలోకి ఊరుతూ ఉంటుంది. ఎండ తగిలి చర్మంలో తయారయ్యే డి విటమిన్‌కు ప్రకృతే కళ్లెం వేసింది. మితిమీరి తయారైన భాగాన్ని అదే సూర్యకాంతి నిర్వీర్య పదార్థాలుగా మార్చివేస్తుంది. అందుకే రోహిణి కార్తె ఎండలో రోజంతా పొలంలో ఉన్న కూలీకి వడదెబ్బ తగలవచ్చు గాని డి విటమిన్ విషప్రభావం కలగదు. నోటి ద్వారానో సూది ద్వారానో చేరే డి విటమిన్‌కు ఆ కళ్లెం లేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు కాలేయం మార్చి రక్తంలోకి పంపుతూ పోతుంది. పేగులు ఆహారంలోని కాల్షియాన్ని అవసరానికి మించి పీల్చుకుంటాయి. ఎముకలకు బలమని మింగిన మందు, మోతాదు మీరిన తరువాత ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించి నెత్తురులో కలుపుతుంది.

రక్తంలో కాల్షియం పెరిగిన మనిషికి మొదట దాహం ఎక్కువవుతుంది. రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేస్తారు. ఆకలి మందగిస్తుంది, వికారం, వాంతులు, మలబద్ధకం, ఒళ్లంతా నిస్సత్తువ. ఇంట్లో పెద్దవారికి ఇటువంటి లక్షణాలు కనిపిస్తే షుగరు పెరిగిందనో, గ్యాస్ అనో, వయసు మీదపడిందనో సరిపెట్టుకోవడం మన కుటుంబాల్లో సర్వసాధారణం. గ్యాస్ మాత్ర అదనంగా చేరుతుంది, నీరసానికి మంచిదని డి విటమిన్ కూడా కొనసాగుతుంది. ఇక్కడే ఈ విషప్రభావం తక్కినవాటికంటే ప్రమాదకరమైనది. దాని లక్షణాలే దానిని మరికొంత మింగడానికి కారణమవుతాయి. తరువాతి దశలో తికమక, మగత, గుండె లయ తప్పడం, క్లోమ గ్రంథి వాపు, మూత్రపిండాల్లో రాళ్లు, మూత్రపిండాల కండలోనే కాల్షియం పేరుకొని క్రియాటినిన్ పెరగడం. ఆస్పత్రిలో చేర్చినా తక్షణ విరుగుడు ఏదీ లేదు. సెలైన్ ఎక్కించి, స్టిరాయిడ్లు, ఎముకల నుంచి కాల్షియం జారకుండా ఆపే మందులు ఇచ్చి, కొవ్వులో దాగిన నిల్వ తరిగేదాకా వారాలు, ఒక్కోసారి నెలలు నిరీక్షించవలసిందే. దెబ్బతిన్న మూత్రపిండాలు అందరిలోనూ పూర్వస్థితికి వస్తాయన్న హామీ లేదు. కొన్ని దేశాల్లో ఇదే రసాయనాన్ని ఎలుకల మందులో వాడుతున్నారు. ఎలుక చనిపోయేది కూడా రక్తంలో కాల్షియం పెరిగే.

శ్రీనగర్‌లోని షేర్-ఎ-కశ్మీర్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2011లో పదిమంది రోగుల వివరాలను వైద్య పత్రికలో ప్రచురించారు. డి విటమిన్ లోపం నిజంగానే విస్తరించి ఉన్న ప్రాంతమది. ఆ పదిమంది దేహాల్లోకి చేరినది 36 లక్షల యూనిట్ల నుంచి 21 కోట్ల యూనిట్ల దాకా. వాంతులతో, మతి తప్పి, క్లోమం వాచి, మూత్రపిండాలు దెబ్బతిని వారు ఆస్పత్రికి చేరారు. లోపానికి భయపడిన ప్రాంతంలోనే అతిమోతాదు బాధితులు తయారయ్యారంటే, లోపం గురించి చెప్పినంత గట్టిగా మోతాదు గురించి ఎవరూ చెప్పలేదన్నమాట.

ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో 2023 మే నెలలో ఒక 89 ఏళ్ల వృద్ధుడు మరణించాడు. కనీసం తొమ్మిది నెలలుగా ఆయన డి విటమిన్ మాత్రలు వాడుతున్నాడు. ఆయన రక్తంలో దాని స్థాయి ఆ ల్యాబ్ నమోదు చేయగల గరిష్ఠాన్ని తాకింది. మాత్రల పెట్టె మీద గాని, లోపలి కాగితం మీద గాని అతిగా వాడితే కలిగే ప్రమాదాల ప్రస్తావన లేదు. మరణ కారణాన్ని విచారించిన కరోనర్ తన నిర్ధారణతో దస్త్రం మూసివేయలేదు. ఇటువంటి మరణాలు పునరావృతం కాకుండా ఏ చర్యలు తీసుకుంటారో తెలపాలని ఆ దేశపు ఆహార ప్రమాణాల సంస్థకు, ఆరోగ్య శాఖకు అధికారికంగా లేఖ రాశారు. ఒక వృద్ధుడి మరణం వెనుక పెట్టె మీద లేని ఒక వాక్యం ఉందని గుర్తించి, ఆ వాక్యం ఎందుకు లేదని ప్రభుత్వాన్నే నిలదీయగల వ్యవస్థ అక్కడ ఉంది. మన జిల్లా ఆస్పత్రుల్లో వృద్ధులు మూత్రపిండాల వైఫల్యంతో మరణించినప్పుడు, వారు ఏ మాత్రలు ఎన్నాళ్లు మింగారని ఆరా తీసే అధికారి ఎవరు?

ఈ ప్రమాదం నిన్న మొన్న బయటపడినదైతే పాలకుల అజ్ఞానాన్ని కొంత క్షమించవచ్చు. తొమ్మిది దశాబ్దాలుగా తెలిసినదే ఇది. 1930, 40 దశకాల్లో అమెరికాలో కీళ్లవాతానికి భారీ మోతాదుల్లో డి విటమిన్ ఇచ్చారు. రోగుల రక్తంలో కాల్షియం పెరిగి, మూత్రపిండాలు పాడై, ఆ వైద్యమే మూలపడింది. యుద్ధానంతర బ్రిటన్‌లో పసిపిల్లల పాలపొడిలో, గంజి పిండిలో, కాడ్ లివర్ నూనెలో అన్నింటా డి విటమిన్ చేర్చడంతో కొందరు శిశువులు రోజుకు నాలుగు వేల యూనిట్ల వరకు పొందారు. 1950లలో పసివారిలో కాల్షియం పెరిగిన కేసులు బయటపడ్డాయి, 1957లో అక్కడి ప్రభుత్వం ఆ పరిమాణాలను తగ్గించింది. అమెరికాలోని బోస్టన్ సమీపంలో ఒక డెయిరీ, క్వార్టు పాలలో 400 యూనిట్లు కలపవలసిన చోట కొన్నిసార్లు రెండు లక్షలకు పైగా యూనిట్లు కలిపిన వైనం, ఎనిమిదిమంది రోగుల వివరాలతో సహా 1992లో వైద్యలోకానికి వెల్లడైంది. ప్రతి తరమూ ఈ పాఠం నేర్చుకున్నది రోగుల మూత్రపిండాల మీదనే. మన నియంత్రణ వ్యవస్థ ఆ పాఠాన్ని చదవనైనా చదివిన జాడలు లేవు.

ఇంతమంది ఆరోగ్యవంతులు తమకు లోపం ఉందని ఎప్పుడు, ఎలా నమ్మారన్నది ఈ అభియోగంలో కేంద్ర ప్రశ్న. సమాధానం ఒక అంకెలో ఉంది. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటే జనాభాలో నూటికి 97 మందికి పైగా ఎముకల ఆరోగ్యానికి సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో తేల్చింది. మరుసటి ఏడాదే ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు ఆ గీతను 30కి జరిపాయి. గీత పది అంకెలు పైకి జరగడంతో కోట్లాది ఆరోగ్యవంతులు రాత్రికి రాత్రి లోపగ్రస్తులయ్యారు. ఆ మార్గదర్శకాల రూపకల్పనకు సారథ్యం వహించిన వైద్యుడికి మందుల కంపెనీలతో, పరీక్షలు నిర్వహించే ల్యాబ్ సంస్థతో ఆర్థిక సంబంధాలు ఉన్నాయని 2018లో అమెరికన్ పత్రికలు పరిశోధించి వెల్లడించాయి. డి విటమిన్ లోపం మహమ్మారిలా వ్యాపించిందన్న ప్రచారానికి పునాది ప్రమాణాన్ని తప్పుగా అన్వయించడమేనని, 2010 నాటి నివేదికలో పాలుపంచుకున్న నిపుణులు 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో స్పష్టంగా రాశారు. చివరికి 2024 జూన్‌లో ఎండోక్రైన్ సొసైటీయే తన 30 గీతను ఉపసంహరించుకుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఈ పరీక్షను అలవాటుగా చేయవద్దని, 75 ఏళ్లలోపు ఆరోగ్యవంతులైన పెద్దలు దైనందిన అవసరాన్ని మించి వాడవద్దని సూచించింది. యాభై దాటినవారికి అవసరమై ఇచ్చినా, విడతలుగా భారీ మోతాదులు కాక రోజువారీ చిన్న మోతాదులే మేలన్నది.

గీత గీసినవారే గీత చెరిపివేసినా, మన ల్యాబుల రిపోర్టుల మీద 30 చెక్కుచెదరకుండా కొనసాగుతోంది. రాయితీ ధరకు అరవై డెబ్బై పరీక్షలంటూ సాగే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో డి విటమిన్ పరీక్ష విధిగా చేరింది. 24 వచ్చిన మనిషి రిపోర్టులో ఆ అంకె ముదురు అక్షరాల్లోనో ఎర్రరంగులోనో కనబడుతుంది, పక్కన 'లోపం' అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. ఏ జబ్బూ లేని ఇల్లాలు ఆ కాగితం చూసి కలవరపడుతుంది. ఆ కలవరానికి మందు పక్కవీధి మెడికల్ షాపులో సిద్ధంగా ఉంటుంది. కొవిడ్ విపత్కాలంలో డి విటమిన్, జింకు, సి విటమిన్ కలిపి రాసిన చీటీలు వాట్సాప్‌లో ఇల్లిల్లూ తిరిగాయి; మహమ్మారి వెళ్లిపోయినా ఆ అలవాటు ఇళ్లలోనే ఉండిపోయింది. పరీక్షా ప్రమాణాలు శాస్త్రసమ్మతంగా ఉన్నాయో లేదో చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ల్యాబ్ పెట్టుకునే గదుల కొలతల మీద చూపే శ్రద్ధలో లేశమైనా, ఆ ల్యాబ్ ప్రజలకు చెప్పే మాట నిజమా అన్న విషయం మీద ఏ ఆరోగ్య శాఖా చూపలేదు.

పోనీ, ఎక్కువ తీసుకున్నవారికి ఎక్కువ మేలు జరిగిందా? అమెరికాలో 25,871 మందికి ఐదేళ్లకు పైగా జరిపిన వైటల్ అధ్యయనంలో రోజుకు 2,000 యూనిట్ల డి విటమిన్ క్యాన్సర్లను గాని గుండెపోట్లను గాని తగ్గించలేదని 2018లో తేలింది. ఎముకలు విరగడమూ తగ్గలేదని 2022లో తేలింది. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన 2,256 మంది మహిళల్లో కొందరికి ఏడాదికి ఒకేసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. మందు తీసుకున్నవారే ఎక్కువగా జారిపడ్డారు, వారి ఎముకలే ఎక్కువగా విరిగాయి. 2010లో వెలువడిన ఆ ఫలితం వృద్ధులకు భారీ మోతాదు ఇచ్చే ప్రతి వైద్యుడూ మరువరానిది. మన పరిస్థితికి ఇంకా దగ్గరిది 2016లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. అంతకుముందు ఒకసారి పడిపోయిన 200 మంది వృద్ధుల్లో ఒక వర్గానికి నెలకు 24,000 యూనిట్లు, మరో వర్గానికి నెలకు 60,000 యూనిట్లు ఇచ్చారు. ఏడాదిలో మొదటి వర్గంలో సగం కంటే తక్కువ మంది పడిపోతే, రెండో వర్గంలో సుమారు మూడింట రెండువంతుల మంది పడిపోయారు. నెలకు ఒకటి అన్నది మన దగ్గర సురక్షితమైన 'మెయింటెనెన్స్' మోతాదుగా చలామణి అవుతోంది. కెనడాలోని కాల్గరీలో మూడేళ్ల పాటు రోజుకు 10,000 యూనిట్లు తీసుకున్నవారి ముంజేతి, కాలి ఎముకల సాంద్రత, 400 యూనిట్లు తీసుకున్నవారి కంటే ఎక్కువగా క్షీణించిందని 2019లో వెల్లడైంది. తుంటి విరగకూడదనే కదా పెద్దవారికి ఈ క్యాప్సూల్ ఇస్తున్నది!

డి విటమిన్ లోపం అబద్ధమని ఈ పత్రిక చెప్పడం లేదు. రికెట్స్‌తో కాళ్లు వంకరపోయిన పిల్లలు ఈ నేల మీద ఉన్నారు. మంచానికి పరిమితమైన వృద్ధులకు, ఎండ సోకని బతుకులు గడిపే స్త్రీలకు, పేగుల జబ్బులున్నవారికి, మూర్ఛకు దీర్ఘకాలంగా మందులు వాడేవారికి అది ప్రాణావసరం. శిశువులకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయాలన్నది పిల్లల వైద్యుల నిర్ద్వంద్వమైన సలహా, దానిని ఎవరూ మానరాదు. తగినవారికి తగిన మోతాదు అందడం ఎంత ప్రజాహితమో, తగనివారికి తగని మోతాదు అందకుండా చూడడం అంతే ప్రజాహితం. ఈ విచక్షణ కోసమే ప్రజలు వైద్య మండళ్లను, ఔషధ నియంత్రణ విభాగాలను తమ పన్నులతో పోషిస్తున్నారు.

ఆ విచక్షణ లోపించినప్పుడు ముందుగా బలయ్యేది ఎవరో చూడాలి. ప్రపంచంలో క్షయ రోగులు అత్యధికంగా ఉన్న దేశం మనది. క్షయలో, సార్కాయిడోసిస్‌లో ఏర్పడే గడ్డల్లోని కణాలు మూత్రపిండాల అదుపు లేకుండా డి విటమిన్‌ను క్రియాశీల రూపంలోకి మార్చగలవు. ఇతరులకు హాని చేయని మోతాదు కూడా వారి రక్తంలో కాల్షియాన్ని పెంచవచ్చు. రక్తపోటుకు వేసుకునే మాత్రల్లో తరచుగా కలిసి ఉండే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ మూత్రం ద్వారా పోవలసిన కాల్షియాన్ని ఆపుతాయి. ఆ బీపీ మాత్ర, కాల్షియం మాత్ర, డి విటమిన్ క్యాప్సూల్ మూడూ ఒకే చీటీలో కనిపించడం మన పట్టణాల్లో వింత కాదు. గుండెకు డిగాక్సిన్ వాడేవారిలో కాల్షియం పెరిగితే లయ తప్పే ముప్పు హెచ్చుతుంది. ఇక మూత్రపిండాలు ముందే బలహీనపడినవారి సంగతి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి కిడ్నీ వ్యాధి కుటుంబాలను కబళిస్తోంది. ఆ వ్యాధికి డి విటమిన్ కారణమని ఎవరూ అనలేదు, మేమూ అనడం లేదు. అటువంటి ప్రాంతంలో కాల్షియం, క్రియాటినిన్ చూడకుండా ఒళ్లునొప్పులకు అధిక మోతాదు కట్టబెట్టడం మాత్రం క్షంతవ్యం కాదు. ఆ రెండు పరీక్షలకూ అయ్యే ఖర్చు డి విటమిన్ పరీక్షకంటే తక్కువే. వైద్యులు ఖరీదైన దానిని రాసి, ప్రాణం కాపాడేదానిని విస్మరిస్తున్నారు.

సూది మందు కథ మరీ దారుణం. ఒక్క ఆంప్యూల్‌లో ఆరు లక్షల యూనిట్లు, అంటే రోజుకు 600 చొప్పున వెయ్యి రోజుల అవసరం. మోకాళ్ల నొప్పులకు, నడుంనొప్పికి, నీరసానికి ఊళ్లలో దీనిని బలం సూదిగా పొడిచే ఆర్‌ఎంపీలు ఉన్నారు. సూదితో గాని గుణం రాదని నమ్మే పల్లె జనం, ఒక సూదితో నొప్పి తగ్గకపోతే నెల తిరగకుండానే మరొకటి వేయించుకుంటారు. కండలోకి ఎక్కించిన మందును వెనక్కి తీసే మార్గం లేదు. వైద్య విద్య లేనివారి చేతుల్లోకి ఈ ఆంప్యూళ్లు ఏ హోల్‌సేల్ దుకాణం నుంచి, ఏ బిల్లు మీద వెళుతున్నాయో కనుగొనడం ఔషధ తనిఖీ అధికారులకు అసాధ్యమైన పని కాదు. వారి వృత్తే అది.

దుకాణంలో జరిగే పొరపాటు ఎంత సులువైనదో క్యాప్సూల్ పెట్టె చూస్తే తెలుస్తుంది. నాలుగో ఎనిమిదో క్యాప్సూళ్లున్న అట్ట. మనకు తెలిసిన మాత్రలన్నీ రోజూ వేసుకునేవే. వారానికి ఒకటే అని వైద్యుడు చీటీ మీద ఆంగ్లంలో గిలికిన రెండక్షరాలను రోగి చదవలేడు, దుకాణంలోని కుర్రవాడు చెప్పడు, అట్ట మీద సాధారణంగా తెలుగు అక్షరమే ఉండదు. ఎనిమిది వారాల మందు ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. అయిపోయిందని మళ్లీ కొనుక్కొచ్చినా అడిగేవారుండరు. పసిపిల్లల చుక్కల మందులోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లున్న సీసా, 800 యూనిట్లున్న సీసా పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి. డ్రాపరుతో ఎక్కువ పోస్తే బిడ్డకు హాని జరుగుతుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే తల్లిదండ్రులను, తయారీదారులను హెచ్చరించింది.

వారానికోసారి వేసుకోవలసిన మందును రోజూ మింగి ప్రాణాలు పోగొట్టుకున్న అనుభవం వైద్యానికి కొత్తది కాదు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ విషయంలో అది పదేపదే జరిగింది. ఐరోపా ఔషధ సంస్థ 2019లో అటువంటి తప్పులు జరగకుండా నిబంధనలు తెచ్చింది. వారానికి ఒకసారే అన్న హెచ్చరిక పెట్టె మీద ప్రస్ఫుటంగా ఉండాలంది, మాత్రలు సీసాల్లో కాక అట్టల్లోనే అమ్మాలంది, రోగి దగ్గర ఉంచుకోవడానికి గుర్తు కార్డు ఇవ్వాలంది. కోట్ల రూపాయల పరిశోధన అక్కరలేని, అచ్చుయంత్రం చాలునన్న పరిష్కారమిది. మందుల తయారీలో దేశానికే రాజధాని అని చెప్పుకొనే హైదరాబాద్ ఉన్న రాష్ట్రంలో, క్యాప్సూల్ అట్ట మీద 'వారానికి ఒక్కటి మాత్రమే' అన్న మూడు తెలుగు మాటలు అచ్చువేయించలేకపోవడానికి అసమర్థత కారణం కాజాలదు. అడగవలసినవారు అడగలేదు.

అడగకుండా తప్పించుకునే వీలు చట్టాల్లోనే ఉంది. ఒకే రసాయనం 1940 నాటి ఔషధాల చట్టం కింద మందుగా, 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద పోషక పదార్థంగా రెండు వేషాల్లో మార్కెట్లో సంచరిస్తోంది. ఆహార అనుబంధాల్లో పోషకాలు భారత వైద్య పరిశోధన మండలి చెప్పిన దైనందిన పరిమాణాన్ని మించరాదని 2016 నిబంధనలు చెప్పాయి. అటువైపు ఆ పరిమాణానికి వందరెట్ల క్యాప్సూల్ మందు పేరుతో అదే షాపులో, అదే అరలో, చీటీ లేకుండా లభిస్తోంది. ఫిర్యాదు చేస్తే ఆహార శాఖ అది మందంటుంది, ఔషధ శాఖ అది విటమినేనంటుంది. అమెరికాలో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు ప్రేమతో పంపే 5,000 యూనిట్ల సీసాలు ఈ రెంటికీ చిక్కవు. అనుబంధ పోషకాలను అమ్మకానికి ముందే పరీక్షించి అనుమతించే పద్ధతి ఆ దేశంలో లేదన్న సంగతి ఆ తల్లిదండ్రులకు తెలియదు. సీసా మీద రాసినంతే లోపల ఉందన్న నమ్మకమూ లేదు: అక్కడి దుకాణాల్లో కొన్న డి విటమిన్ మాత్రలను పరీక్షిస్తే, ప్రకటించిన పరిమాణంలో 9 శాతం నుంచి 146 శాతం వరకు ఉన్నట్టు 2013లో తేలింది. మన కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2024 ఆగస్టు నెలకు ప్రకటించిన నాణ్యతలేని మందుల జాబితాలోనూ కాల్షియం, డి3 మాత్రలు చోటుచేసుకున్నాయి. జాబితా ప్రకటించడంతో బాధ్యత తీరిందనుకునే సంస్థ, ఆ మాత్రలు మింగినవారికి ఏమైందని వెతికిన దాఖలా ప్రజల ముందు లేదు.

వైద్యవృత్తిలోని పెద్దలను కూడా ఈ విచారణ నుంచి మినహాయించలేము. జాగ్రత్తగా పరీక్షించి, అవసరమైనవారికే రాసి, ఎప్పుడు ఆపాలో తేదీతో సహా చెప్పే వైద్యులు మన మధ్య ఉన్నారు, వారికి సమాజం రుణపడి ఉంది. కాని చీటీ చివర అలవాటుగా డి విటమిన్ చేర్చి, ఎన్ని వారాలో రాయకుండా వదిలివేసే చేతులు అంతకంటే ఎక్కువగా ఉన్నాయి. ఒకరు ఎముకల వైద్యుడు, ఒకరు స్త్రీల వైద్యురాలు, ఒకరు ఫ్యామిలీ డాక్టరు, ముగ్గురూ మూడు బ్రాండ్ల పేర్లతో ఒకే మందు రాస్తే రోగి ముగ్గురినీ గౌరవించి మూడూ మింగుతాడు. మరో వైద్యుడు ఏం రాశారని అడగడానికి పట్టే అర నిమిషాన్ని ఏ వైద్య మండలీ తన సభ్యుల విధిగా గట్టిగా గుర్తుచేయలేదు. వృత్తి గౌరవానికి భంగం కలిగిందనుకున్నప్పుడు వీధికెక్కే సంఘాలు, రోగి రక్తంలో కాల్షియం గురించి ఒక్క ప్రకటన వెలువరించిన గుర్తు లేదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు తక్షణం చేయవలసిన పనులు దుస్సాధ్యమైనవేమీ కావు. 60,000 యూనిట్ల రూపాన్ని, ఆరు లక్షల యూనిట్ల సూదిని చీటీ లేకుండా అమ్మిన దుకాణం లైసెన్సు నిలిపివేయాలి, నిలిపివేసినట్టు ప్రకటించాలి. అట్ట మీద తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగల పరిమాణంలో, వారానికి ఒకటి మాత్రమేనన్న హెచ్చరిక, ఆపవలసిన గడువు రాసుకునే గడి ఉండేలా కేంద్రంపై ఒత్తిడి తేవాలి. కేంద్రం కదలకపోతే దుకాణదారే తెలుగు చీటీ అతికించి ఇవ్వాలన్న ఆదేశం తమ పరిధిలో ఇవ్వగలరేమో న్యాయ శాఖతో తేల్చుకోవాలి. ల్యాబ్ రిపోర్టుల మీద ఉపసంహరించుకున్న 30 గీతను తొలగింపజేయడానికి, జాతీయ పోషకాహార సంస్థ నిపుణులు నగరంలోనే ఉండగా మరొక కమిటీ కోసం ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో వాంతులు, మగత, మూత్రపిండాల వైఫల్యంతో చేరే ప్రతి వృద్ధుడి విషయంలో డి విటమిన్ వాడకాన్ని అడిగి కేసు పత్రంలో రాయడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

అన్నిటికంటే ముందు ఒక లెక్క కావాలి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి 2010 నుంచి దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది, బోధనాస్పత్రుల్లో దాని కేంద్రాలు ఉన్నాయి, వాటికి సిబ్బంది, జీతాలు, ఫారాలు ఉన్నాయి. డి విటమిన్ అతిమోతాదుతో ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో గత పదేళ్లలో ఎంతమంది ఆస్పత్రుల పాలయ్యారు, వారిలో ఎందరు డయాలసిస్‌కు చేరారు, ఎందరు ఇంటికి తిరిగి రాలేదు, ఎందరికి ఆ మందు చీటీ లేకుండా అమ్మారు, అమ్మిన దుకాణాల్లో ఎన్నింటి మీద చర్య తీసుకున్నారు? ఈ అయిదు ప్రశ్నలకు ఇద్దరు ఆరోగ్య మంత్రులు రాబోయే శాసనసభ సమావేశాల్లోనే అంకెలతో సమాధానం చెప్పాలి. అంకెలు లేవనుకుంటే, ఎందుకు లేవో, వాటిని సేకరించవలసిన అధికారి ఎవరో, ఆ అధికారి హోదాతో సహా సభలో ప్రకటించాలి.